"బాగానే ఉంది మేడమ్": విదేశంలో ఒక పరిశోధక విద్యార్థిని కేసు

నిద్ర పట్టడం లేదని వచ్చింది ఆమె. నిజానికి నా దగ్గరికి రావాలని ఆమెకు లేదు. విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో నిద్రమాత్రలు అడిగితే, డాక్టరు మాత్రలు రాయకుండా కౌన్సెలింగ్‌కు పంపారు. ఆ అసంతృప్తి ముఖంలో కనిపిస్తూనే ఉంది. కుర్చీ అంచున కూర్చుంది. బ్యాగు ఒళ్ళోంచి దించలేదు.

వయసు 26. కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ. దేశం కాని దేశంలో చేరి అప్పటికి తొమ్మిది నెలలు. నేను విదేశీ విద్యార్థులతో పనిచేసే కౌన్సెలర్‌ని. ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. రాసింది చదివి రెండు చోట్ల దిద్దింది కూడా. ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేశాను. మొత్తం 11 నెలల్లో 14 సెషన్లు జరిగాయి.

మా ఇద్దరి మాతృభాషా ఒకటే. మొదట అది కలిసొచ్చిందనుకున్నాను. పరాయి భాషలో బాధ చెప్పుకోవడానికి మాటలు వెతుక్కునే అవస్థ ఆమెకు తప్పుతుందని నా లెక్క. కానీ సొంత భాషలో దాక్కోవడం కూడా అంతే సులువు. ల్యాబ్ ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది మేడమ్". గైడు ఎలా ఉంటారంటే "మంచివారే మేడమ్". ఆ "బాగానే"లోని దీర్ఘం చప్పుడు కాకుండా తలుపు వేసేస్తుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్ని కాబట్టి, ఆ తలుపు మూసుకున్నట్టే నాకు తెలియలేదు.

కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రం ఇచ్చాను. గడచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకూ, మొత్తం 27. పది, ఆపైన వస్తే కుంగుబాటు ఉందేమోనని నిదానంగా చూస్తాం. ఆమెకు 14 వచ్చింది. ఆత్మహానికి సంబంధించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా పెట్టింది. కాగితాన్ని నమ్మి ఊరుకోకుండా నోటితోనూ అడిగాను. అలాంటి ఆలోచనలు లేవంది. రోజుకు 13, 14 గంటలు ల్యాబ్‌లోనే ఉంటుంది. అదీ మిగతావాళ్ళు వెళ్ళిపోయాక ఎక్కువగా. స్నేహితులు లేరు. వారాంతాలు లేవు. ఇంటికి రోజూ ఫోను చేస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఇది ఒంటరితనం, కొత్త చోటి దిగులు అని తేల్చేశాను. అలా తేల్చడానికి చేతిలో పుస్తకజ్ఞానం కూడా సిద్ధంగా ఉంది. పరాయి సమాజంలో మనకు అలవాటైన సంకేతాలన్నీ పనిచేయకుండా పోయినప్పుడు కలిగే ఆందోళన గురించి మానవశాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ 1960లో రాశాడు. "కల్చర్ షాక్" అనే మాట స్థిరపడింది ఆయన రచనతోనే. అంతకు ముందు 1955లో స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికా వెళ్ళివచ్చిన సుమారు 200 మంది నార్వే స్కాలర్లను పరిశీలించి, ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళూ పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవాళ్ళూ బాగానే సర్దుకున్నారనీ, మధ్యకాలం ఉన్నవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారనీ చెప్పాడు. నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి తొమ్మిదో నెలలో ఉంది. లెక్క అతికినట్టు సరిపోయింది.

మొదటి సెషన్‌లోనే లెక్క అంత చక్కగా సరిపోతే అనుమానించాలి. పైగా లిస్‌గార్డ్ చెప్పిన ఆ వంపు గీతను (మొదట బాగుండి, మధ్యలో దిగి, మళ్ళీ పైకి లేచేది) 1998లో మనస్తత్వవేత్త కొలీన్ వార్డ్, ఆమె సహచరులు పరీక్షకు పెట్టారు. న్యూజిలాండ్ చేరిన జపాన్ విద్యార్థులను దిగిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఏడాది వరకూ మరికొన్నిసార్లు పరిశీలిస్తే, ఇబ్బంది అన్నింటికన్నా ఎక్కువ ఉన్నది మొదట్లోనే. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా పాత గీతలోనే ఆమెను ఇరికించాను.

నలుగురితో కలిసి భోజనం చేయమన్నాను, స్థానిక భాష నేర్పే బృందంలో చేరమన్నాను, ఆదివారం నడకకు వెళ్ళమన్నాను. అన్నీ హోంవర్కులా పూర్తిచేసుకొచ్చింది. ఏ రోజు ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో పట్టిక కూడా వేసింది. మూడో సెషన్‌లో స్కోరు 15. పనులన్నీ అయ్యాయి, ఫలితం మాత్రం ఒక అంకె పైకి వెళ్ళింది. నేను చెప్పినవి చేయడానికి పోయిన గంటలు మళ్ళీ రాత్రి ల్యాబ్ గంటలకు జమ అయ్యాయని తర్వాత తెలిసింది.

పంతొమ్మిదోసారి

నాలుగో సెషన్‌లో సలహాలు పక్కన పెట్టాను. పోయిన మంగళవారం ఏం చేశావో గంట గంటకూ చెప్పమన్నాను. (అప్పటికి "నువ్వు అనండి మేడమ్, మీరు అంటే ఇంటర్వ్యూలా ఉంది" అని తనే అడిగింది.) పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం తొందరగానే గడిచాయి. రాత్రి పదకొండు దగ్గర ఆగింది.

"ప్రయోగం మళ్ళీ చేశాను."

"ఏ ప్రయోగం?"

"అదే."

"ఎన్నోసారి?"

చాలాసేపు మాట్లాడలేదు. బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. "పంతొమ్మిదోసారి" అంది చివరికి.

మొదటి నెలల్లో ఆమెకు ఒక మంచి ఫలితం వచ్చింది. ఒక మందు పడితే కణాల్లో ఒక ప్రొటీన్ తగ్గుతుంది. గైడు సంతోషించారు, గ్రూప్ మీటింగ్‌లో మెచ్చుకున్నారు. ఆ తర్వాత అది తిరిగి రాలేదు. ఒక వారం సగం వస్తుంది, మరో వారం అసలు రాదు, ఇంకో వారం తలకిందులుగా వస్తుంది. నాలుగు నెలలుగా ఇదే. ఈ సంగతి గైడుకు తెలియదు. ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు.

ఫోను తీసి గైడుకు పంపని ఈమెయిళ్ళు చూపించింది. పదకొండు చిత్తుప్రతులు. వరుసగా చదివితే వాటిలోనే కేసంతా ఉంది. మొదటిదానిలో "ఒక సమస్య గురించి మాట్లాడాలి" అని ఉంది. నాలుగోదానికి సమస్య కాస్తా "చిన్న సందేహం" అయింది. ఎనిమిదో చిత్తులో అది "కొన్ని వివరాలు". చివరిదానిలో విషయమే లేదు, "వచ్చే వారం మీకు వీలుంటుందా" అన్న ఒక్క వాక్యం. అన్నింటిలోనూ కనిపించిన మరో సంగతి, ఏ ఒక్కదానికీ సంబోధన లేదు. అక్కడ అందరూ ఆయనను పేరు పెట్టి పిలుస్తారు. ఆమెకు నోరు రాదు. "ప్రొఫెసర్" అంటే ఒకసారి ఆయనే నవ్వి వద్దన్నారు. దాంతో తొమ్మిది నెలలుగా ఆయనను ఏమీ పిలవకుండా నెట్టుకొస్తోంది. వెనక నుంచి పిలవాల్సివస్తే ఎదురుగా వెళ్ళి నిలబడుతుంది.

ఇంకొకటి కూడా చెప్పింది, గొంతు తగ్గించి. ల్యాబ్ నోట్‌బుక్‌లో కుదిరిన రోజులే ఎక్కాయి. కుదరని రోజులు విడి కాగితాల మీద, సొరుగులో ఉన్నాయి. పారేయలేదు. కానీ నోట్‌బుక్‌లో లేవు.

ఇక్కడ నాకు కాళ్ళు కాస్త చల్లబడ్డాయి. పరిశోధనలో నచ్చిన ఫలితాలే నమోదు చేయడం చిన్న విషయం కాదు. అలాగని ఆమె ఎవరినీ మోసం చేసే ఉద్దేశంతో లేదు. "ముందు సరిగ్గా వచ్చాక, అప్పుడు అన్నీ కలిపి రాద్దామనుకున్నాను" అంది. నేను న్యాయనిర్ణేతను కాను. కానీ ఆ కాగితాలు సొరుగులో ఎంతకాలం ఉంటే అంత ప్రమాదమనీ, ఉద్దేశం ఏదైనా బయటివాళ్ళకు అది దాచినట్టే కనిపిస్తుందనీ చెప్పాను. మెత్తగా చెప్పలేదు. ఏడ్చింది. ఆ రోజు స్కోరు తీసుకోలేదు.

ఏం జరుగుతోందంటే

బడి నుంచి మాస్టర్స్ దాకా ఆమె చేసిన ప్రతి ప్రయోగానికీ జవాబు ముందే తెలుసు. ఫలితం తేడా వస్తే చేసినవాళ్ళదే తప్పు, మార్కులు పోతాయి. ఆ చదువులో ఆమె ఎప్పుడూ మొదటి వరసలోనే ఉంది. పరిశోధనకు వచ్చాక జవాబు ఎవరికీ తెలియని చోట నిలబడి కూడా పాత నియమమే పట్టుకుంది. ఫలితం రాలేదంటే నా చేయి బాగాలేదు, బాగయ్యేదాకా ఎవరికీ కనిపించకూడదు. ఒంటరితనం ఉన్న మాట నిజమే. అయితే అది దాచడం వల్ల వచ్చిన ఒంటరితనం. దాచాల్సిన సంగతి ఉన్నవాళ్ళు ఎవరి పక్కన కూర్చుని భోజనం చేసినా ఒంటరిగానే తింటారు.

దీనికి తోడు, చేరిన మొదటి వారంలో గైడు అన్న ఒక మాట. "ఇక్కడ స్వతంత్రంగా పనిచేయాలి." ఆయన ఉద్దేశంలో స్వతంత్రం అంటే ఎప్పుడు ఎవరిని ఏం అడగాలో నువ్వే నిర్ణయించుకోమని. ఆమెకు వినిపించింది, ఎవరినీ ఏమీ అడగవద్దని. ఇలాంటి అపార్థం ఎన్ని ల్యాబుల్లో ఎన్ని నెలలు తినేస్తోందో! మా దగ్గరికి వచ్చే ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరి కథలో ఈ మాట ఏదో రూపంలో వినిపిస్తుంది.

"నాది ఇంపోస్టర్ సిండ్రోమ్ అనుకుంటా మేడమ్" అని తనే పేరు పెట్టుకుంది. ఆ భావనను 1978లో ప్రతిపాదించిన మనస్తత్వవేత్తలు పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ దాన్ని సిండ్రోమ్ (రోగలక్షణాల సముదాయం) అనలేదు, ఫినామినన్ (కనిపించే ఒక ధోరణి) అన్నారు. పేరు సంగతి అలా ఉంచితే, అది ఆమెకు అతకదు. చేతిలో విజయాలున్నా తాను అర్హురాలిని కానని నమ్మేవాళ్ళ గురించి ఆ పరిశీలన. ఈమె ప్రయోగం నిజంగానే నాలుగు నెలలుగా కుదరడం లేదు. అలాంటి మనిషితో "నీలో ప్రతిభ ఉంది, నమ్ముకో" అంటే నేను అబద్ధం చెబుతున్నట్టే వింటుంది. అందుకే ఆత్మవిశ్వాసం ఊసే ఎత్తలేదు.

తను ఒక్కతే ఇలా ఉందన్న నమ్మకాన్ని కదిలిద్దామని 2018లో నేచర్ బయోటెక్నాలజీ అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఒక సర్వే చూపించాను. 26 దేశాల నుంచి 2,279 మంది, ఎక్కువ భాగం పీహెచ్‌డీ విద్యార్థులే. 41 శాతం మందిలో మధ్యస్థం నుంచి తీవ్ర స్థాయి ఆందోళన, 39 శాతం మందిలో కుంగుబాటు. రెండు నిమిషాలు చదివి, "ఇది ఎవరికి నచ్చితే వాళ్ళు నింపిన సర్వే కదా మేడమ్. బాధలో ఉన్నవాళ్ళే ఎక్కువ నింపి ఉంటారు, ఈ శాతాలు నమ్మలేం" అంది. ఆ విమర్శ సరైనదే. అంతకన్నా నాకు ముఖ్యమైంది, ఐదో సెషన్‌కు ఆమె నాతో మొదటిసారి విభేదించింది. ఫైలులో అది తేదీ వేసి రాసుకున్నాను.

మెట్లు

ముందు ఒక ఒప్పందం. ఇరవయ్యోసారి చేయవద్దు, కనీసం ఒక్కరికి చెప్పేదాకా. రాత్రి ఎనిమిది దాటాక ఒంటరిగా ల్యాబ్‌లో ఉండవద్దు. నిద్ర ఎప్పుడు పట్టినా లేచే వేళ మారకూడదు. నిద్ర మూడు వారాల్లో చాలావరకు దారికొచ్చింది. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

చెప్పడానికి పంపే ముందు ఒక విషయం ఖాయం చేసుకోవాలి, కొత్త కౌన్సెలర్లు దీన్ని దాటేస్తుంటారు. గైడు ఎలాంటివారు? "మంచివారే" అన్న జవాబు నాకు చాలదు. ఆ ల్యాబ్‌లో ఇంతకు ముందు ఎవరి ప్రయోగమైనా విఫలమైందా, అప్పుడు ఆయన ఏమన్నారు, నలుగురిలో అన్నారా, విడిగా అన్నారా, ఆ విద్యార్థి ఇప్పుడెక్కడున్నారు అని గుచ్చి గుచ్చి అడిగాను. ఒక సీనియర్ ఏడాది పనిని ఆయనే ఆపించి కొత్త అంశం ఇచ్చారనీ, అతను ఇప్పుడు థీసిస్ రాస్తున్నాడనీ చెప్పింది. అప్పుడే ముందుకు వెళ్ళాను. విద్యార్థులను వేధించే గైడు అయ్యుంటే దారి వేరు. ముందు విభాగంలో అండ ఎవరో చూసుకోవాలి.

ప్రతి మెట్టుకూ ముందు ఏం జరుగుతుందనుకుంటోందో రాసిపెట్టాలి, తర్వాత ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. ప్రయోగం చేసేవాళ్ళకు ఈ పద్ధతి వేరే నేర్పక్కర్లేదు. మొదటి మెట్టు నవ్వొచ్చేంత చిన్నది. ఒక రసాయనం ఎక్కడుందో పక్కవాళ్ళను అడగాలి. అంతకు ముందు ఇలాంటి వాటికి అలమరాలన్నీ 40 నిమిషాలు వెతుక్కునేది. అంచనా: విసుక్కుంటారు. జరిగింది: చేత్తో చూపించారు, తల కూడా ఎత్తలేదు. రెండో మెట్టు, ఒక సీనియర్‌కు ఒక్క విఫల ఫలితం చూపించడం. మూడోది గ్రూప్ మీటింగ్. అంచనా గడిలో "గైడు పంపించేస్తారు, 80 శాతం" అని రాసింది.

ఏడో సెషనంతా ఆ మీటింగ్‌లో చెప్పబోయేది నా ముందు చెప్పి చూసుకుంది. ఐదు నిమిషాల మాటలో ఆరుసార్లు క్షమాపణ. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయమన్నాను. ఏది ఉంచాలో ఎంచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆలస్యంగా చెబుతున్నందుకు అడిగే క్షమాపణ ఉంచింది. ఫలితం రానందుకు అడిగేవన్నీ కొట్టేసింది. ఆ ఎంపికలో నేను వేలు పెట్టలేదు.

ఇంక్యుబేటర్

మీటింగ్‌లో పంతొమ్మిది ఫలితాలనూ ఒకే స్లైడు మీద పెట్టింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గైడు కంట్రోళ్ళు, అంటే పోలిక కోసం మందు వేయకుండా ఉంచిన కణాల ఫలితాలు, చూపించమన్నారు. వాటిలోనూ ఎగుడుదిగుడులు ఉన్నాయి. అప్పుడు మూలన కూర్చున్న ల్యాబ్ టెక్నీషియన్, అక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ, "ఈ కణాలకు మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు?" అని అడిగింది.

ఎవరి దగ్గరా జవాబు లేదు.

మైకోప్లాస్మా కణకవచం లేని అతి చిన్న బాక్టీరియా. కవచం లేదు కాబట్టి ఆ కవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదు. సూక్ష్మక్రిముల్ని ఆపే 0.22 మైక్రాన్ల వడపోత గుండా కూడా జారిపోగలదు. కణాల మధ్య చేరినా ద్రవం మబ్బుపట్టదు, మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించదు. కణాలు బతికే ఉంటాయి, పెరుగుతూనే ఉంటాయి, కానీ వాటి పోషణ, జన్యువుల పనితీరు మారిపోతాయి. జన్యుపదార్థాన్ని పట్టి చూపే పీసీఆర్ లాంటి పరీక్ష ప్రత్యేకంగా చేస్తే తప్ప బయటపడదు. రెండు రోజుల తర్వాత చేసిన పరీక్షలో ఆమె కణాలు పాజిటివ్. కణాలను వెచ్చగా ఉంచి పెంచే అదే ఇంక్యుబేటర్ వాడుతున్న మరో ఇద్దరివి కూడా.

కణాలన్నీ పారేశారు. ఇంక్యుబేటర్ కడిగారు. గడ్డకట్టించి దాచిన పాత కణాలను పరీక్షించి, శుభ్రంగా ఉన్నవాటితో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఇద్దరి కొన్ని నెలల పని సందేహంలో పడింది. వాళ్ళలో ఒకరు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. గైడు మరునాడు విడిగా పిలిచి, "ఈ మాట నాలుగు నెలల ముందే చెప్పి ఉండాల్సింది. నీ ఒక్కదాని సమయమే కాదు, మిగతావాళ్ళదీ పోయింది" అన్నారు. కటువుగానే అన్నారట. ఆ మందలింపు న్యాయమైనదే, నేనూ అదే చెప్పాను.

ఎనిమిదో సెషన్‌లో జరిగింది రాయాల్సిన గడిలో "తిట్టారు. పంపించలేదు" అని రాసుకొచ్చింది.

ఇక్కడ ఒక వల ఉంది. తప్పు తన చేతిది కాదని తేలింది కదా, ఊపిరి పీల్చుకోవచ్చు. ఆమె ముఖంలో ఆ వెలుగు చూశాను, అడ్డుపడ్డాను. "మైకోప్లాస్మా లేదనుకో. నీ చేతిదే తప్పని తేలిందనుకో. అప్పుడు?" అన్నాను. కోపం వచ్చింది. సెషన్ ముగిసేదాకా ముక్తసరిగా మాట్లాడింది. వారం తర్వాత వస్తూనే, కూర్చోకముందే, "అప్పుడైతే ఇంకా ముందే చెప్పాలి మేడమ్. చేతిది తప్పయితే చూసేవాళ్ళు చెప్పాలి కదా, నాకెలా కనిపిస్తుంది" అంది. ఆ రోజు బ్యాగు నేల మీద పెట్టింది.

సొరుగులోని కాగితాలను గైడుకు చూపించి, ఆయన అనుమతితో నోట్‌బుక్‌లోకి ఎక్కించింది. పాత తేదీలు వేసి అప్పుడే రాసినట్టు చూపించలేదు. ప్రయోగం జరిగిన తేదీ, ఎక్కిస్తున్న తేదీ రెండూ విడివిడిగా వేసి, ఆలస్యానికి కారణం రాసి సంతకం పెట్టింది. రెండు సాయంత్రాలు పట్టింది.

ఆ తర్వాత

పదో సెషన్‌కు స్కోరు 9. పన్నెండుకు మళ్ళీ 12. వార్షిక సమీక్షలో కమిటీ అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. రెండు వారాలు ముడుచుకుపోయింది, ఒక సెషన్‌కు రాలేదు. ఈసారి తేడా ఏమిటంటే, రాని సెషన్‌కు ముందు "రాలేను, దాక్కోవాలనిపిస్తోంది" అని రెండు ముక్కలు రాసి పంపింది. దాక్కుంటూ ఎక్కడ దాక్కుంటోందో చెప్పడం! పద్నాలుగో సెషన్‌లో స్కోరు 5.

మంచి ఫలితమని గైడు మెచ్చుకున్న ఆ మొదటి ఫలితం శుభ్రమైన కణాల్లో నిలబడలేదు. ఆ అంశం వదిలేసి పక్క అంశానికి మారింది. కొత్త ప్రయోగ పద్ధతి మీద గైడుతో వాదించి ఓడిపోయింది. ఓడిపోయిన సంగతి నాకు చెబుతున్నప్పుడు ఎవరి వాదన ఏమిటో బల్ల మీద వేలితో గీసి మరీ వివరించింది. ఈమెయిళ్ళకు ఇప్పుడు సంబోధన ఉంది. ఎదురుగా మాత్రం ఆయన పేరు ఇంకా నోట రాదట.

మళ్ళీ చేయాల్సివస్తే, ఆ గంట గంట లెక్క మొదటి రోజే అడుగుతాను. మూడు వారాలు వృథా చేశాను. ఆమె ఓపిక కలది కాబట్టి నిలబడింది. మరొకరైతే మూడో సెషన్‌కే మానేసేవారు. అలాగే ఒక్క కేసును బట్టి అందరికీ ఇదే మందని చెప్పను. ఆమెకు మందుల అవసరం రాలేదు, గైడు న్యాయంగా ఉన్నారు, ల్యాబ్‌లో ఆ టెక్నీషియన్ ఉంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కథ మరోలా నడిచేది.

చిత్తుప్రతి పంపాక ఆమె చేసిన దిద్దుబాట్లు రెండు. నేను "దాదాపు ఇరవైసార్లు" అని రాసిన చోట కొట్టేసి "19" అని వేసింది. రెండోది చివరి పేరాలో. ఇంటికి ఫోను చేసి అమ్మకు జరిగిందంతా చెప్పిందని నేను రాశాను. ఎప్పుడో అలా విన్నట్టు నాకు గుర్తు. ఆ వాక్యం మీద గీత గీసి, పక్కన "ఇంకా చెప్పలేదు" అని రాసి పంపింది.